ముందు ఒరిజినల్ చూపించండి

"నకలు తర్వాత చూస్తాను, ముందు ఒరిజినల్ ఇవ్వండమ్మా" అన్నారు నోటరీ గారు.

నాంపల్లి కోర్టు దగ్గర చిన్న బల్ల. తమ్ముడి పాలిటెక్నిక్ డిప్లొమా ఆయన చేతికిచ్చాను. ఒరిజినల్ మీద ఒక వేలు, జిరాక్స్ మీద ఒక వేలు పెట్టి, పిన్ నంబరు (విద్యార్థి గుర్తింపు సంఖ్య) అంకె అంకె సరిచూశారు. ఆ తర్వాతే గుండ్రటి ముద్ర, సంతకం, రిజిస్టరులో పద్దు.

నాకు చాలా గౌరవం కలిగింది. మూడేళ్లు వాడు ఎంత కష్టపడి చదివాడో నాకు తెలుసు. ఆ కాగితాన్ని ఒక పెద్దాయన అంత శ్రద్ధగా చదవడం చూస్తుంటే కళ్లు చెమర్చాయి.

ఇది దుబాయ్ కంపెనీ ముందుగా అడిగిన నకలు మాత్రమే. అసలు పని ఇంకా ఉంది. అపోస్టిల్ అంటే ఒక దేశపు పత్రాన్ని ఇతర సభ్య దేశాలు అంగీకరించేలా వేసే ఒకే ధ్రువీకరణ. భారత్ 2005లో ఆ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కానీ దుబాయ్ ఉన్న యూఏఈ అందులో లేదు. కాబట్టి ఒరిజినల్‌ మీద రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరించాలి. అదే ఒమన్ అయితే అపోస్టిల్ సరిపోయేది.

ఇన్ని చేతులు మారే కాగితం కదా, నా భయమంతా దాని గురించే. "మాకిచ్చేయండి, మేమే చూసుకుంటాం" అనే ఏజెంట్లకు రసీదు లేకుండా ఒరిజినల్ ఇవ్వకండి, దయచేసి.

రాష్ట్ర ధ్రువీకరణ ఈమధ్య ఎవరైనా చేయించుకున్నారా? ఎన్ని రోజులు పట్టిందో చెప్పండి.