సైకిలు మానేసిన వారికే ముందు చూపించాలి

నిరుడు మూడు నెలల పాటు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండి వచ్చాను. ఆ నగరం చుట్టూ గుట్టలు, నడుమ గిన్నె అడుగు వంటి పల్లం. కూరగాయలకు కిందికి దిగడం సులువే గాని, సంచి పట్టుకొని మళ్లీ పైకి ఎక్కడమంటే అరవై నాలుగేళ్ల నాకు రెండు చోట్ల ఆగవలసి వచ్చేది. పక్కింట్లో ఉండే డెబ్బై దాటిన పెద్దావిడ మాత్రం అదే ఎత్తును రోజూ సైకిలు మీద, ముందు బుట్టలో సామాను పెట్టుకొని, ఆయాసం లేకుండా ఎక్కి వచ్చేది. అది బ్యాటరీ సైకిలని మా అమ్మాయి చెప్పింది. ఒకనాడు ఆ పెద్దావిడే సీటు నా ఎత్తుకు సరిచేసి, తొక్కి చూడమన్నది. పెడల్ మీద కాలు మోపగానే, చిన్నప్పుడు సైకిలు నేర్పుతూ మా నాయిన వెనుక సీటు పట్టుకొని నెట్టినట్టు అనిపించింది. తొక్కుతున్నది నేనే, బరువు మాత్రం సగం ఎవరో పంచుకున్నారు.

అప్పటి నుంచి ఈ సైకిళ్లు ఐరోపాలో ఇంతగా ఎట్లా వ్యాపించాయో తెలుసుకోవాలని చదువుతూ వచ్చాను. 2009లో జర్మనీలో అమ్ముడైన బ్యాటరీ సైకిళ్లు సుమారు లక్షా యాభై వేలు. 2023 నాటికి అవి సుమారు ఇరవై ఒక్క లక్షలకు చేరి, ఆ ఏడాది మొదటిసారిగా మామూలు సైకిళ్ల అమ్మకాలను దాటిపోయాయి. అక్కడ ఒక్కొక్కటి రెండు వేల యూరోలు దాటే వస్తువు ఇది, చవకగా దొరికింది కనుక కొన్నారనుకోవడానికి వీలు లేదు.

నాకు అర్థమైనంతవరకు దీనికి మూలం చట్టం గీసిన ఒక గీత. మోటారు శక్తి 250 వాట్లకు మించకుండా, పెడల్ తొక్కినప్పుడే సాయం అందిస్తూ, వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరగానే ఆ సాయం ఆగిపోయేటట్టు ఉంటే, ఐరోపా సంఘం నిబంధనల్లో అది మోటారు వాహనం కాదు, సైకిలే. లైసెన్సు, నంబరు ప్లేటు అక్కరలేదు. సైకిళ్ల కోసం వేసిన దారిలోనే పోవచ్చు. 45 కిలోమీటర్ల వేగం దాకా సాయం చేసే రకాన్ని వేరుగా పెట్టి, దానికి మోపెడ్ నియమాలు వర్తింపజేశారు. ఈ స్పష్టత వల్ల, పరీక్షలు రాసి కొత్త బండి నేర్చుకొనే ఓపిక లేని పెద్దలు కూడా జంకు లేకుండా ఎక్కగలిగారు. నెదర్లాండ్స్‌లో గుట్టలు లేకపోయినా ఎదురుగాలి ఉంటుంది. అక్కడ కూడా దీన్ని మొదట ఆదరించింది పెద్ద వయసు వారే. యువకులు వెనుక వచ్చారు. ప్రభుత్వాలూ తోడ్పడ్డాయి: జర్మనీలో కంపెనీ కార్లకు ఉన్న పన్ను వెసులుబాటును 2012లో సైకిళ్లకూ వర్తింపజేయడంతో ఉద్యోగులు జీతంలోంచి నెలనెలా కట్టి తీసుకోవడం మొదలైంది, స్వీడన్ 2018లో ధరలో పాతిక శాతం, పది వేల క్రోనార్ల పరిమితికి లోబడి, తిరిగి ఇచ్చింది. అయితే వీటన్నిటి కన్నా నాకు నచ్చింది ఐరోపా సంఘం సాయంతో నడిచిన 'గో పెడెలెక్' అనే కార్యక్రమం. అందులో జనాన్ని పిలిచి ఈ సైకిళ్లను స్వయంగా తొక్కించారు. రెండు నిమిషాలు తొక్కితే తెలిసేది రెండు పేజీల ప్రకటనతో తెలియదని నా అనుభవం కూడా చెబుతున్నది.

ఇక మన నల్లగొండ సంగతి. మన దేశంలోనూ 250 వాట్లు, 25 కిలోమీటర్ల లోపు వాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. వాట్లు, వేగం అంకెలు అవే, కాని ఇక్కడ ఈ సైకిలును చూపించే తీరు వేరు. దుకాణంలో ముందుగా, తొక్కకుండానే బండిని నడిపే యాక్సిలరేటర్ తిప్పి చూపిస్తారు, ప్రకటనలో కాలేజీ పిల్లవాడు ఉంటాడు. కొన్నవారు దాన్ని చవక స్కూటీ అనుకొని, స్కూటీ వేగం రాక నిరాశపడతారు. నేను దేవరకొండ రోడ్డులోని ఒక ఊరి బడికి పదకొండేళ్లు సైకిలు తొక్కి, మోకాళ్లు నొప్పి పెట్టాక మానేశాను. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన నా తోటివారిలో కీళ్లు బిగుసుకొని నాకన్నా ముందే మానేసినవారున్నారు. ఈ సైకిలు ఆ జబ్బును తగ్గించదు, కీళ్లు పూర్తిగా బిగుసుకున్నవారికి ఉపయోగపడదు కూడా. కాని కాస్త సాయముంటే ఇంకా తొక్కగల వారు మన మధ్య ఎందరో ఉన్నారు, వారి దగ్గరకు దీన్ని ఎవరూ తీసుకుపోలేదు.

తిరిగి వచ్చాక నేనొకటి కొన్నాను. పెద్దవారు కొనేముందు గమనించవలసిన తేడా ఒకటుంది. చవక రకాల్లో సెన్సారుకు పెడల్ తిరుగుతున్నదా లేదా అన్నదే తెలుస్తుంది, అందుకే మోటారు ఒక్కసారిగా కుదుపుతో అందుకుంటుంది. మనం ఎంత బలంగా తొక్కుతున్నామో కొలిచే సెన్సారు ఉన్న సైకిలు మాత్రం మన కాలి బలానికి తగినంతే కలుపుతూ మెత్తగా కదులుతుంది. స్టుట్‌గార్ట్‌లో నేను తొక్కినది ఈ రకమే. నాది మొదటి రకం కావడంతో క్లాక్ టవర్ దగ్గరి రద్దీలో తొలి వారం భయపడ్డాను. ఎనిమిదో నెలలో మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ చెడిపోతే, అమ్మిన దుకాణం నలభై రోజులు తన దగ్గరే ఉంచుకున్నది. మన సైకిలు మేస్త్రీలు పంక్చరు వేస్తారు, చక్రం సరిచేస్తారు, వైర్లు మాత్రం ముట్టరు. వారికి ఈ పని నేర్పించనిదే ఇది మన ఊళ్లలో నిలబడదు. ఎండాకాలం ఎండలో ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జింగుకు పెట్టకుండా, నీడలో చల్లారనివ్వాలి.

ఖర్చు విషయంలో దిగులు లేదు. నా బ్యాటరీ నిండడానికి అర యూనిట్టు కరెంటు కూడా పట్టదు. తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మాఫీ చేయడం మంచిదే, కాని రిజిస్ట్రేషనే లేని సైకిలుకు ఆ మాఫీతో ఒరిగేదేమీ లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2022లో మొదటి పది వేల బ్యాటరీ సైకిళ్లకు ఒక్కొక్కదానికి 5,500 రూపాయల దాకా సబ్సిడీ ప్రకటించింది. అటువంటిది ఇక్కడ యాభై దాటినవారితో మొదలుపెడితే బాగుంటుందని నా కోరిక.

అంతవరకు నా చేతిలో ఉన్నది నేను చేస్తున్నాను. ఆదివారం పొద్దున ఆరున్నరకు పానగల్లు చెరువు కట్ట దగ్గర నా సైకిలుతో ఉంటాను. సీటు దించే పానా నా జేబులోనే ఉంటుంది. సైకిలు మానేసి ఎన్నేళ్లయినా సరే, వచ్చి తొక్కి చూడండి. మొదటి కుదుపు అయ్యేదాకా వెనుక నేను పట్టుకుంటాను.