ఉతకకూడని చొక్కా

జాతిహత్య స్మారక మ్యూజియం అంటే అందరికీ ముందు కట్టడమే గుర్తొస్తుంది. అసలు కష్టం బట్టల దగ్గర ఉంది. రువాండాలోని న్యామాటా చర్చిలో 1994 జాతిహత్యలో చంపబడ్డవాళ్ల దుస్తులు బల్లల మీద కుప్పలుగా ఉన్నాయి. వాటిని చూస్తే ఉతికి శుభ్రంగా పెట్టాలనిపిస్తుంది. ఆ పని అస్సలు చేయకూడదు, నెత్తుటి మరకా మట్టీ కూడా సాక్ష్యాలే.

ముందు ఫొటో తీసి, నంబరు ఇచ్చి, నైట్రైల్ గ్లౌజులతోనే కదపాలి. పురుగు పట్టిన బట్టని పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి మైనస్ 30 డిగ్రీల్లో 3 రోజులు ఉంచాలి. మామూలు ఫ్రీజరైతే, అంటే మైనస్ 18 అయితే, 2 వారాలు. బయటికి తీయగానే సంచి విప్పితే చెమ్మ దిగి బూజు పడుతుంది, కాబట్టి 24 గంటలు ఆగాలి. మడతల్లో ఆమ్లం లేని కాగితం చుట్టి పెట్టకపోతే మడత గీత వెంబడే పోగులు తెగుతాయి. ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ మించకూడదు.

చనిపోయినవాళ్ల పేర్లు చెక్కే గోడ మీద ఖాళీ తప్పకుండా వదలండి. రువాండా రాజధాని కిగాలీలోని జాతిహత్య స్మారకం తెరిచింది 2004లో. అక్కడ 2,50,000 మందికి పైగా సమాధి అయ్యారు, కానీ గోడ మీద పేర్లు ఇంకా పూర్తి కాలేదు. చెక్కే ముందు ప్రతి పేరూ బంధువులకి చదివి వినిపించాలి. కాగితాల్లో తప్పు పడిన పేరు రాతి మీద కూడా తప్పుగా మిగిలిపోకూడదు.