ఫ్రాంచైజీ ముగిశాక మొదలయ్యే షరతు

ఫ్రాంచైజీ ఒప్పందం చేతికి అందగానే ఎక్కువమంది ప్రవేశ రుసుము, రాయల్టీ శాతం, గడువు చూసి సంతకానికి సిద్ధపడతారు. ఒప్పందం ముగిశాక ఏ వ్యాపారం చేయకూడదో చెప్పే నిబంధన చివరి పేజీల్లో ఉంటుంది కాబట్టి అక్కడికి చేరేసరికి చదివే ఓపిక ఉండదు. నా మటుకు ముందుగా చదవవలసింది దానినే అంటాను. మిగిలిన షరతులలో చాలావరకు వ్యాపారం నడిచినంత కాలమే వర్తిస్తాయి. ఇది మాత్రం ఆ వ్యాపారం నుంచి వచ్చే ఆదాయం ఆగిపోయిన రోజున మొదలవుతుంది.

తన పేరును, పద్ధతులను వాడుకోనిచ్చే ఫ్రాంచైజర్ భయంలో న్యాయం లేకపోలేదు. తాను నేర్పిన పద్ధతులతో, తన పేరు చూసి వచ్చిన ఖాతాదారులతో, ఒప్పందం ముగిసిన మర్నాడే అదే చోట బోర్డు మాత్రం మార్చి వ్యాపారం సాగిస్తే, తక్కిన ఫ్రాంచైజీదారులు కూడా నష్టపోతారు. పెళ్లి దుస్తుల దుకాణాలకు సంబంధించిన ప్రోనుప్టియా కేసులో 1986లో ఐరోపా న్యాయస్థానం ఈ వాదనను అంగీకరించి, ఒప్పందం ముగిశాక కూడా సమంజసమైన కాలం పాటు పోటీని నిషేధించవచ్చని చెప్పింది.

అయితే ఆ కాపుదల దేనికి? ఫ్రాంచైజర్ నిజంగా అందించిన మెళకువలకు, పేరుప్రతిష్ఠలకు మాత్రమే ఉండాలి. ఒప్పందానికి ముందే పదేళ్లుగా అదే వృత్తిలో ఉండి, సొంత నైపుణ్యంతో ఫ్రాంచైజీలో చేరిన మనిషిని బయటికి వెళ్లేటప్పుడు ఆ వృత్తే వదులుకోమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఐరోపా సమాఖ్య 2022లో తెచ్చిన నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: ఒప్పందం తర్వాతి నిషేధం ఏడాదికి మించకూడదు, వ్యాపారం నడిచిన ఆ స్థలానికే పరిమితం కావాలి, అందించిన మెళకువలను కాపాడటానికి అది తప్పనిసరి అయి ఉండాలి. ఈ హద్దులు దాటిన నిషేధానికి పోటీ చట్టం నుంచి ఆ నిబంధనలు ఇచ్చే మినహాయింపు దక్కదు. బయటికి పొక్కని వ్యాపార రహస్యాలను వెల్లడించరాదనే షరతుకు మాత్రం కాలపరిమితి లేకపోయినా అభ్యంతరం లేదు. రహస్యాన్ని కాపాడటం వేరు, మనిషి పొట్ట కొట్టడం వేరు అన్న తేడాను ఈ నియమం చక్కగా పట్టుకుంది.

ఇలాంటి నిషేధాల పట్ల భారతదేశంలో చట్టం ఇంకా కఠినం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధమైన వృత్తిని గాని వ్యాపారాన్ని గాని చేయనీయకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. గుడ్‌విల్ (వ్యాపారం సంపాదించుకున్న మంచిపేరు విలువ) అమ్మకానికి మాత్రం పరిమితమైన మినహాయింపు ఉంది. ఒప్పందం అమలులో ఉన్న కాలానికి విధించిన నిషేధం సంగతి వేరు. గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో 1995లో సుప్రీంకోర్టు అలాంటి నిషేధాన్ని సమర్థించింది. కాబట్టి ఒప్పందం ఏ రోజున, ఏ పద్ధతిలో ముగిసిందన్న ప్రశ్నకు ఇక్కడ చాలా బరువు ఉంటుంది. నోటీసు కాలం నడుస్తుండగానే పోటీ వ్యాపారం తెరిచినవారు 27వ సెక్షన్ తమను ఆదుకుంటుందని అనుకోవడం ప్రమాదకరం.

ఆ సెక్షన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. పోటీ నిషేధం చెల్లకపోయినా ఫ్రాంచైజర్ చేతిలో ఇతర పట్టులు ఉంటాయి. దుకాణం లీజును తన పేరుకు మార్పించుకునే హక్కు, ఫోన్ నంబరును, ఖాతాదారుల జాబితాను అప్పగించాలనే షరతు, ట్రేడ్‌మార్క్‌ను పోలిన రంగులు, అలంకరణ వాడరాదనే నిబంధన వేర్వేరు పేజీల్లో విడివిడిగా కనిపిస్తాయి. వాటన్నిటినీ కలిపి చదివినప్పుడే నిషేధం అసలు స్వరూపం తెలుస్తుంది. చోటు పోయి, నంబరు పోయి, ఖాతాదారుల వివరాలూ పోయాక వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ కాగితం మీదే మిగలవచ్చు.

అమెరికాలో ఫ్రాంచైజర్ సంతకానికి కనీసం 14 రోజుల ముందు, ఫ్రాంచైజీ వివరాలు తెలిపే వెల్లడి పత్రం ఇవ్వాలి, ముగింపు తర్వాతి నిషేధాన్ని అందులోని 17వ అంశం కింద చూపాలి. ఇలాంటి నియమం లేని చోట ఈ వివరాలను మనమే అడిగి రాబట్టుకోవాలి. నిషేధం దూరాన్ని మన దుకాణం నుంచి కొలుస్తారా, ఫ్రాంచైజర్‌కు చెందిన ఏ దుకాణం నుంచైనా కొలుస్తారా? రెండోదే అయితే, గొలుసు పెరిగిన కొద్దీ నిషిద్ధ ప్రాంతమూ పెరుగుతూ పోతుంది. హామీ సంతకం చేసిన జీవిత భాగస్వామికీ ఇది వర్తిస్తుందా? ‘అదే తరహా వ్యాపారం’ అన్న మాటకు నిర్వచనం ఉందా?

వీటికంటే నేను గట్టిగా పట్టుబట్టే ప్రశ్న మరొకటి ఉంది: తప్పేమీ చేయని ఫ్రాంచైజీదారు ఒప్పందం పునరుద్ధరణ కోరితే ఫ్రాంచైజరే నిరాకరించినప్పుడు కూడా నిషేధం కొనసాగుతుందా? ఆస్ట్రేలియా ఫ్రాంచైజింగ్ నియమావళి ఇలాంటి సందర్భంలో, గుడ్‌విల్‌కు సరైన పరిహారం దక్కకపోవడం వంటి కొన్ని షరతులకు లోబడి, ఆ నిషేధానికి బలం లేకుండా చేసింది. మన ఒప్పందంలోనూ ఈ అర్థం వచ్చే వాక్యాన్ని చేర్చమని సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగవచ్చు. కాదంటే, కారణం చెప్పమని అడగాలి.