రోళ్లు పగిలే ఎండలో పలుచని పొర

మొన్న మే నెలలో, రోహిణి కార్తె ఇంకా రాకముందే, సత్యనారాయణపురంలోని మా డాబా మీద ఉన్న సోలార్ ప్యానెల్ వెనుక థర్మామీటర్ తీగ అంటించి చూశాను. మధ్యాహ్నం ఒంటిగంటకు అది 66 డిగ్రీలు చూపింది. ప్యానెల్ మీద ముద్రించిన వాట్లేమో సెల్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటివి. మామూలు ప్యానెళ్లలో ఉండే స్ఫటిక సిలికాన్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 నుంచి 0.4 శాతం శక్తిని కోల్పోతుంది కనుక, ఆ పూట దాదాపు ఏడో వంతు కరెంటు వేడికే పోయిందన్నమాట.

భౌతికశాస్త్రం బోధించే నాకు థిన్ ఫిల్మ్ సెల్‌ల (పలుచని పొరతో చేసే సోలార్ సెల్‌ల) మీద ఆసక్తి అక్కడే బలపడింది. అలాంటి పొరకు వాడే క్యాడ్మియం టెల్యురైడ్ కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందంటే, గాజు మీద రెండు మూడు మైక్రాన్ల పొర సరిపోతుంది; తల వెంట్రుక మందంలో అది ఇరవయ్యో వంతు కూడా ఉండదు. వేడికి అది కోల్పోయేది కూడా డిగ్రీకి 0.3 శాతం ప్రాంతంలోనే. అయితే పొర పరచినంత మాత్రాన సెల్ తయారు కాదు. క్యాడ్మియం క్లోరైడ్ పూసి సుమారు 400 డిగ్రీల వద్ద కాల్చితేనే అందులోని లోపాలు సద్దుమణిగి సామర్థ్యం పెరుగుతుంది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న మెట్టు ఇదే.

నాన్నగారి దుకాణంలోని పాత క్యాలిక్యులేటర్ పైభాగాన ముదురు గోధుమరంగు గళ్లు నాలుగు ఉండేవి, వాటిని బొటనవేలితో మూస్తే అంకెలు మసకబారేవి. అది 1976లో పరిశోధకులు కార్ల్‌సన్, రాన్‌స్కీ వెలువరించిన అస్ఫటిక సిలికాన్ (పరమాణువులు క్రమం లేకుండా ఉండే సిలికాన్) సెల్ సంతతి. ఆ పదార్థం వెలుతురు తగిలేకొద్దీ బలహీనపడుతుందని మరుసటి ఏడాదే తేలింది. విశేషమేమిటంటే, వేడి తగిలితే కొంత కోలుకుంటుంది.

పెరోవ్‌స్కైట్ అనే మరో థిన్ ఫిల్మ్ పదార్థం సంగతి వేరు. 2009లో జపాన్ శాస్త్రవేత్త మియాసాకా బృందం 3.8 శాతం సామర్థ్యంతో మొదలుపెట్టినది నేడు చిన్న సెల్‌లలో 25 శాతం దాటింది, కాని తేమ, వేడి దానికి బద్ధశత్రువులు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచే ప్రామాణిక పరీక్ష కఠినమైనదే, కాని దాన్ని చీకట్లో చేస్తారు. మా డాబా మీద ఎండ, వేడి, జూలై ఉక్క కలిసే వస్తాయి. రికార్డు అంకెల కంటే, ఇలాంటి డాబాల మీద ఏళ్ల తరబడి తీసిన కొలతలే నాకు ముఖ్యం. అందుకే ఈసారి మార్చి నుంచి అక్టోబరు వరకు రోజూ మధ్యాహ్నం ఉష్ణోగ్రత, వాట్లు నమోదు చేసే పని నా విద్యార్థులకు అప్పగించాను.