తాలుకాయ గురించి అడిగారు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. ఈ మాట చెప్పడానికి పదిహేడేళ్ల వయసులో నాకు నోరు రాలేదు. 2013లో ఇంటర్ అయ్యాక ఒక కాలేజీలో ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సుకు పరీక్ష రాసి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "బిజినెస్" అన్నాను. మిరప ధర ఎలా పడుతుందని అడిగేసరికి పుస్తకంలోని డిమాండు, సప్లై పేరా అప్పజెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఒక వాక్యం గుర్తురాక ఆగిపోయాను. ఆ తర్వాత వాళ్లు పెద్దగా ఏమీ అడగలేదు. సీటు రాలేదు.

ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) ర్యాంకు చూసి సీటిస్తారు, నోరు విప్పే పని లేదు. అందుకే మన పిల్లలకు ఇంటర్వ్యూ అంటే అంత టెన్షన్. కానీ ఇందోర్ ఐఐఎం 2011లో ఇంటర్ పిల్లల కోసం మొదలుపెట్టిన ఐదేళ్ల కోర్సుకైనా, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డిగ్రీకైనా రాతపరీక్ష దాటాక ఇంటర్వ్యూ ఉంటుంది. అలాంటి చోట్లకు మన బడి పిల్లలు వెళ్లాలని నాకు చాలా కోరిక.

సీటు రాలేదని తెలిసిన వారంలోనే బ్రాడీపేటలో మన సోషల్ మాస్టారి ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించుకున్నారు. "రేపు తెల్లారి మీ నాన్నతో యార్డుకు వెళ్లమ్మా. చూసింది సాయంత్రం వచ్చి నాకు చెప్పు" అన్నారు, అంతే.

అప్పటిదాకా నేను యార్డు లోపలికి వెళ్లనే లేదు. గేటు దాటగానే తుమ్ములు, కళ్లల్లో నీళ్లు. వరసలుగా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు. నాన్న ఒక టిక్కీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీశారు. ఒక కాయను చెవి దగ్గర ఆడించారు. గింజలు గలగలమంటే బాగా ఎండినట్టు. తేమ ఉంటే కాయ మెత్తగా వంగుతుంది, అలాగే నిల్వ పెడితే బూజు పడుతుంది. తేజ రకాన్ని ఘాటు కోసం కొంటారు, బ్యాడిగిని రంగు కోసం. రంగు పోయి తెల్లబారిన కాయలు తాలు. వాటిని వేరుగా, బాగా తక్కువకు అమ్ముకోవాలి. ఆ రోజు ఒక రైతు తెచ్చిన సరుకులో చాలావరకు తాలే. కల్లంలో ఆరబోసినప్పుడు వాన పడిందట. రేటు విన్నాక ఆయన టిక్కీ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు.

సాయంత్రం మాస్టారికి అరగంట ఆగకుండా చెప్పాను. "ఇప్పుడిదే ఇంగ్లిషులో చెప్పు. చిన్న చిన్న వాక్యాలు చాలు" అన్నారు. పది సాయంత్రాలు అదే పని. రోజుకొకటి, నాకు రాని ప్రశ్న కావాలనే వేసేవారు. "తెలియదండి అను, తలదించుకోకు. తెలిసిన దగ్గర నుంచి ఎలా ఆలోచిస్తావో చెప్పు" అనేవారు.

రెండో ఇంటర్వ్యూ హైదరాబాదులో. పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో నాన్న, నేను వెళ్లాం. ఈసారి గుమస్తా అనే చెప్పాను, ఆ రైతు సంగతీ చెప్పాను. ఒక మేడమ్ ముందుకు వంగి, "మరి ఆ తాలుకాయను ఎవరు కొంటారు?" అని అడిగారు. తెలియదన్నాను, నా ఊహ చెప్పి అది ఊహేనన్నాను. ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు, ఆపైన ఇంకోటి. ఆ సీటు వచ్చింది. తిరుగు రైల్లో నాన్న, "అంత చదువుకున్నవాళ్లు తాలు గురించి అడిగారా?" అని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

నాలుగేళ్లుగా నేనే ఒక కాలేజీలో ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. ఒకే కోచింగ్ సెంటర్ నుంచి వచ్చిన ఆరుగురు పిల్లలు ఆరుసార్లు ఒకే జవాబు చెబుతుంటే గుండె బరువెక్కుతుంది. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక ఇల్లు, ఒక వీధి ఉంటాయి కదా, అవి ఎందుకు దాచుకుంటున్నారు? ఇంగ్లిషు తడబడితే మేం మార్కులు తీసేయం. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, ఒక్క నిమిషం కావాలనండి. అప్లికేషన్‌లో రాసిన ప్రతి మాట మా చేతిలో ఉంటుంది కాబట్టి, దాని జిరాక్స్ దగ్గర పెట్టుకుని ముందురోజు చదువుకోండి. చదవని పుస్తకం పేరు అందులో రాయకండి.

ఈ ఏడాది ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు బడిలో ఎవరైనా ఉంటే హెడ్‌మాస్టర్ గారి దగ్గర నా నంబరు తీసుకోండి. ఆదివారం సాయంత్రాలు నేను ఖాళీగా ఉంటాను. ఫోన్‌లోనే కూర్చుందాం. మొదటి ప్రశ్న ఇప్పుడే చెబుతున్నాను: మీ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు? ఒకరోజు వాళ్ల వెంట వెళ్లి, చూసి వచ్చి ఫోన్ చేయండి.