వండకుండా మిగిలిన ఆ ఒక్క పుట్టగొడుగు

అడవిలో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు మధ్యాహ్నం వండుకుని తిన్నాం. రాత్రి పడుకునేదాకా నాకేమీ కాలేదు. తెల్లవారుజామున కడుపులో తిప్పడం మొదలై, వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. ఇంత ఆలస్యంగా వచ్చింది కదా, పుట్టగొడుగుల వల్ల అయ్యుండదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. డాక్టరు ఆ ఆలస్యం చూసే కంగారుపడ్డారు. తిన్న ఒకటి రెండు గంటల్లో మొదలైతే చాలావరకు కడుపు బాధతోనే పోతుందట, ఆరు గంటలు దాటాక మొదలైతే మాత్రం కాలేయం సంగతి చూడాల్సిందేనట.

అడవికి నాతో వచ్చిన స్నేహితుడు ఒక పుట్టగొడుగును వండకుండా కాగితంలో చుట్టి ఉంచాడు. నన్ను కాపాడింది అదేనని నా నమ్మకం. దాన్ని ఆస్పత్రిలో నిలువునా కోశారు. వసంతంలో అందరూ తినడానికి వెతికే మోరెల్ అనే పుట్టగొడుగు అయితే టోపీ నిండా తేనెపట్టులా గుంతలుంటాయి, కొన నుంచి కాడ దాకా లోపలంతా ఒకే బోలు. మాది ఎర్రటి గోధుమరంగులో, మెలికలు తిరిగిన ముడతలతో ఉంది. లోపల గదులు గదులుగా కండ. అది గైరోమిట్రా అనే విషపు పుట్టగొడుగు. వసంతంలోనే, పైన్ చెట్ల కింద మొలుస్తుంది.

అందులోని గైరోమిట్రిన్ అనే విషం ఒంట్లోకి వెళ్లాక మోనోమిథైల్ హైడ్రజీన్‌గా మారుతుంది. రాకెట్లలో ఇంధనంగా వాడే పదార్థమే అది. ఉడికించేటప్పుడు వచ్చే ఆవిరి పీల్చినా ప్రమాదమే. బి6 విటమిన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. అందుకే సెలైన్‌తో పాటు బి6 కూడా ఎక్కించారు.

వాంతులు ఆగగానే హాయిగా అనిపించి, ఇంటికి పంపమన్నాను. పంపలేదు. నర్సమ్మ నా కింది రెప్ప లాగి చూసి, ఏమీ అనకుండా డాక్టరును పిలిచారు. కళ్లు పచ్చబడ్డాయి. ఒంట్లో బాగున్నట్టే ఉంది, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే లివర్ ఎంజైములు మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నాయి. మందుల కంటే ఆ ఎదురుచూపే కష్టంగా గడిచింది. అవి తగ్గడం మొదలైన రోజు రిపోర్టు చేత్తో పట్టుకుని ఏడ్చేశాను.

ఆ తర్వాత చాలాకాలం నీరసం వదల్లేదు. నూనె వాసన వస్తేనే వికారం.

వెండి చెంచా నల్లబడకపోతే మంచివేననీ, పురుగులు తిన్నవి మనమూ తినొచ్చనీ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండూ నిజం కాదు. తిన్నదాని మీద అనుమానం వస్తే వాంతుల దాకా ఆగకండి. మిగిలినవి, తొక్కలు, చెత్తబుట్టలో వేసిన ముక్కలైనా సరే, తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి.