ఆదివారం పొద్దున్నే అమ్మమ్మ బిస్కెట్లు

అమెరికా దక్షిణాదిన, టెనెసీ, అలబామా పల్లెల్లో భక్తిగల అమ్మమ్మల ఆదివారం బైబిలుతో, పిండి గిన్నెతో మొదలవుతుంది. సండే స్కూలుకు బయలుదేరేలోపే ఇంటిల్లిపాదికీ బిస్కెట్లు సిద్ధం కావాలి. ఇవి మన కరకరలాడే బిస్కెట్లు కావు, పొరలుగా విడిపోయే మెత్తని రొట్టెలు.

రెండు కప్పుల సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపిన గోధుమ పిండి), పావు కప్పు చల్లటి పందికొవ్వు, ముప్పావు కప్పు మజ్జిగ. 1883లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో పుట్టిన వైట్ లిలీ పిండి మీద అక్కడ చాలామందికి గురి. మెత్తరకం గోధుమ, ప్రొటీన్ తక్కువ, అందుకే సాగదు. కొవ్వును వేళ్ళ కొసలతో బఠాణీ గింజలంత పలుకులయ్యేదాకా నలపాలి. అరచేతి వేడికి కరిగిందంటే పొరలు రావు. మజ్జిగ పోశాక చపాతీ పిండిలా పిసికితే గట్టిపడతాయి. కోసేటప్పుడు కట్టర్ తిప్పకూడదు, అంచులు అతుక్కుని సరిగా పొంగవు. పోత ఇనుప పెనంలో ఒకదానికొకటి ఆనించి, ఓవెన్‌లో 475 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి.

మన పలచటి మజ్జిగ దీనికి పనికిరాదు. పుల్లటి పెరుగులో కాసిని నీళ్ళు పోసి గిలక్కొడితే సరి.

బల్ల దగ్గర అందరూ తల వంచి, ప్రార్థన ముగిసి ఆమేన్ అన్నాకే తీపి జొన్న పాకం సీసా చేతులు మారుతుంది.